సెలవుల్లో కుక్కపిల్లని తెచ్చుకోవచ్చా అని అడిగిన అమ్మాయికి

మీరు రాసిందంతా చదివానమ్మా. ఇల్లు ఒంగోలులో, పాపకి ఏడేళ్ళు, బాబుకి మూడు, ఎండాకాలం సెలవులకి సింగరాయకొండ దగ్గర మీ నాన్నగారి ఊరొచ్చారు, పక్కింటివాళ్ళ కుక్క పిల్లల్ని పెట్టింది, అందులో నుదుటిమీద తెల్లమచ్చ ఉండే పిల్ల కావాలని పిలకాయలిద్దరూ ఒకటే గోల, దానికిప్పుడు 35 రోజులు, వాళ్ళేమో రేపే పట్టకపొమ్మంటున్నారు, మీ అత్తగారు పూజ గది ఉన్న ఇంట్లోకి కుక్క ఏందంటున్నారు, మీకు బాబుని కరుస్తుందేమోనని భయం, మధ్యలో సముద్రానికి పోయే ప్రోగ్రాం కూడా ఉంది. ఇదీ మీ ప్రశ్న. నేను నెల్లూరు జిల్లాలో పశువుల ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యా, కావలిలో ఉంటున్నా, ఇంట్లో కుక్క ఉంది, సెలవులొస్తే మనవరాలు మనవడు దిగుతారు, కాబట్టి ఆసుపత్రి వైపు నుంచీ ఇంటి వైపు నుంచీ చూసింది చెప్తున్నా, కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా చెప్పేస్తా. తెచ్చుకోండి, పిలకాయలుండే ఇంట్లో కుక్క పెరగడం మంచిదే. కానీ రేపు తెచ్చుకోబాకండి, మే నెలాఖరుకి తెచ్చుకోండి. తెచ్చిన రోజు నుంచి జూన్ 12న బళ్ళు తెరిచేదాకా ఉండే ఆ రెండు వారాల్లో దానికి మీరు నేర్పాల్సిన మొదటి విద్య, ఇంట్లో ఎవరూ పక్కన లేకపోయినా గమ్మున పడుకోవడం. షేక్‌హ్యాండ్లు, బంతి తేవడాలు తర్వాతైనా వస్తయి. చాలా ఇళ్ళల్లో చెడేది ఈడనే. సెలవులన్నాళ్ళూ దాన్ని చేతుల్లోంచి కింద దించరు, ఒకరి ఒళ్ళోంచి ఇంకొకరి ఒళ్ళోకి, రాత్రి మంచం మీదకి, ఇక జూన్ 12 పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోద్ది, అది తలుపు గీకుతా ఏడుస్తది, చెప్పులు కొరుకుతది, యాడబడితే ఆడ పోస్తది, ఆగస్టుకల్లా ఎవరికన్నా ఇచ్చేద్దాం అనే మాట మొదలవుద్ది, తీసుకునేవాళ్ళు దొరక్కపోతే రోడ్డు మీద వదిలేస్తారు. వానలు మొదలయ్యాక ఆసుపత్రికి అట్టాంటివి వచ్చేవి, ఎవరో జాలిపడి పట్టుకొచ్చేవాళ్ళు, మెడకి కొత్త బెల్టు ఉంటది, మనిషిని చూస్తే తోక ఊపతది, యజమాని మాత్రం ఉండడు. మీ తెల్లమచ్చ దానికి ఆ గతి పట్టకూడదనే ఇంత రాస్తున్నా.

ఇప్పుడు 35 రోజుల సంగతి. ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లని తల్లి దగ్గర్నుంచి విడదీయకూడదు. అన్నం తింటంది గదా ఇంకెందుకు అంటారు ఇచ్చేవాళ్ళు, వాళ్ళ ఇబ్బంది వాళ్ళది, ఐదు పిల్లలు ఇంటినిండా తిరగతా ఉంటే వాళ్ళకీ కష్టమే. కానీ ఈ మూడు వారాలు తోడబుట్టిన వాటితో పొర్లాడతా ఉంటది చూడండి, పన్ను ఎంత గట్టిగా దించితే ఎదుటి దానికి నొప్పో అప్పుడే తెలుసుకుంటది. గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని అరిచి ఆట ఆపేసి పక్కకి పోద్ది, తల్లి దగ్గర ఎక్కువ చేస్తే గుర్రుమని మూతితో నెట్టేస్తది. ముందే తెచ్చేసుకుంటే ఈ పాఠమంతా మీ బాబు చేతుల మీద నేర్చుకోవాల్సొస్తది. మూడేళ్ళ బిడ్డ ఉండే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. పక్కింటివాళ్ళకి ఓపిక లేదంటే ఆ తల్లికీ పిల్లలకీ తిండి ఖర్చు మీరు పెట్టుకోండి, రోజూ ఒక లీటరు గంజిలో అన్నం, రెండు కోడిగుడ్లు, అంతకన్నా అయ్యేదేం లేదు, వాళ్ళూ కాదనరు.

పిలకాయలకి మూడు వారాలు ఆగమంటే ఒప్పుకోరు అంటారేమో, ఒప్పుకుంటారు, ఎందుకంటే మీరు ఉండేది ఆ ఊళ్ళోనే, పక్కింట్లోనే అది ఉంది. రోజూ పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పది నిమిషాలు తీసుకపోయి చూపించండి. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా లోకం తెలిసే వయసు, అప్పుడు ఏం చూస్తే ఏం వింటే దానికి పెద్దయ్యాక బెదరదు, పిలకాయల గొంతులు, సైకిల్ బెల్లు, మిక్సీ మోత అన్నీ ఈ వయసులోనే అలవాటు కావాల. మీ పాప పాత గౌను, బాబు బనీను ఉతక్కుండా ఆ పిల్లలు పడుకునే గోనెసంచి మీద వేసి పెట్టండి, మీ ఇంటికి వచ్చేనాడు ఆ గుడ్డల్ని దాంతోపాటే తెచ్చేయండి, తల్లి వాసన తోబుట్టువుల వాసన మీ పిలకాయల వాసన అన్నీ కలిసి ఉంటయి, మొదటి రెండు రాత్రుళ్ళు ఏడుపు బాగా తగ్గుద్ది. తల్లి దగ్గరికి పోయేటప్పుడు మాత్రం ఆ ఇంటివాళ్ళు పక్కనుండాల, పిల్లల తల్లి ఎంత మంచిదైనా పిల్లల మీద చెయ్యేస్తే నమ్మడానికి లేదు.

ఈ పది నిమిషాల్లో నేర్పాల్సింది మీ పిలకాయలకి. మా మనవరాలికి నేర్పింది చెప్తా. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాల, పిల్లని ఎత్తుకోకూడదు, అదే వచ్చేదాకా కూర్చోవాల. వచ్చి మోకాలు వాసన చూస్తే గడ్డం కిందా రొమ్ము మీదా రుద్దాల, నెత్తిమీద తట్టకూడదు, పైనుంచి చెయ్యొస్తే వాటికి భయం. ఒకటి రెండు మూడు అని లెక్కబెట్టి చెయ్యి తీసేయాల. తీసేశాక అది మళ్ళీ మూతితో చెయ్యిని పొడిస్తే ఇంకో మూడు లెక్కబెట్టొచ్చు, పక్కకి తిరిగితే ఆ పూటకి చాలు. మొదటి రోజు పాప విసుక్కుంటది, నాలుగు రోజులు పోయాక ఆ లెక్క దానికదే ఆటయిపోద్ది. మా పిల్ల ఇప్పుడు వీధిలో ఎవరి కుక్కనైనా ముందు యజమానిని అడగందే ముట్టుకోదు.

బాబు సంగతి వేరు. మూడేళ్ళవాడికి చెప్పినా గుర్తుండదు, ఉండాలని ఆశపడకూడదు కూడా. వాడికీ కుక్కపిల్లకీ మధ్య ఎప్పుడూ ఒక పెద్ద మనిషి ఉండాల, చేతికి అందే దూరంలో, ఫోన్ చూడకుండా. వంటగదిలోకి పోవాలంటే ఇద్దరిలో ఒకరిని వెంటబెట్టుకుని పోండి. చిన్నపిల్లల్ని కరిచేది వీధికుక్కలే కాదు, తెలిసిన కుక్కలు కూడా, సొంత ఇంటివో పక్కింటివో. ఉన్నట్టుండి కరిచింది అంటారు గానీ ఉన్నట్టుండి కరవదు, చాలాసేపు చెప్పి చెప్పి కరుస్తది, మనమే చూడం. బాబు మీదపడి మెడ చుట్టూ చేతులేసి పట్టుకున్నాడనుకోండి, మీ కంటికి ముద్దుగానే ఉంటది, ఫోటో తీయబోతారు, ఆ క్షణంలో కుక్క మొహం చూడండి. నోరు మూసేసి ఉంటది, చెవులు వెనక్కి పోతయి, తల పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డు చంద్రవంకలాగా కనబడతా ఉంటది, నిద్ర రాకపోయినా ఆవలిస్తది, తినకపోయినా ముక్కు నాక్కుంటది, ఒళ్ళంతా బిగదీస్తది. అది వద్దంటున్నట్టు. అప్పుడే బాబుని తీసేయాల. గుర్రుమన్నా దాన్ని కొట్టబాకండి, గుర్రుమంటే దెబ్బలు పడతయి అని తెలిస్తే ఈసారి గుర్రుమనకుండా నేరుగా కరుస్తది.

తినేటప్పుడు, పడుకున్నప్పుడు దాని జోలికి పోకూడదు, ఇది పెద్దవాళ్ళకి కూడా. రెండు నెలల కుక్కపిల్ల రోజుకి పద్దెనిమిది గంటలకి పైనే నిద్రపోతది, ఇంట్లో పిలకాయలుంటే ఆ నిద్ర దొరకదు, నిద్ర చాలని కుక్కపిల్ల నిద్రచాలని బిడ్డ ఒకటే, పేచీ పెడతది, కొరుకుతది. మధ్యాహ్నం బాబు పడుకునే టైముకే దాన్నీ పడుకోబెట్టండి, ఇద్దరికీ మీకూ సుఖం.

సముద్రం ప్రోగ్రాం ఈ మూడు వారాల్లోనే కానిచ్చేయండి. కొత్తపట్నం అయినా మా మైపాడు అయినా, కుక్కపిల్లని మాత్రం తీసుకపోబాకండి, అది రాకముందే పోయిరండి. ఒడ్డున ఒక మనిషి కళ్ళు ఒక బిడ్డకే చాలవు, అల ఎప్పుడు ఎంత లోపలికి వస్తదో తెలియదు, అటు కుక్కపిల్ల పరిగెత్తితే చూపు అటు పోద్ది, ఇటు బాబు నీళ్ళల్లో ఉంటాడు. అదొక్కటి చాలు కారణం. రెండోది పార్వో అనే జబ్బు. ఆ వైరస్ జబ్బుపడ్డ కుక్క దొడ్డికి పోయిన చోట మట్టిలో నెలల తరబడి బతికి ఉంటది, వీధికుక్కలు తిరిగే బీచిలో, బస్టాండులో, సంతలో టీకాలు పూర్తిగాని పిల్లని కింద దించితే అంటుకుంటది. వాంతులు, నెత్తురు విరేచనాలు, ఆ కంపు ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు, రెండు మూడు రోజుల్లో పిల్ల పోనూవచ్చు. అందుకని టీకాల కోర్సు అయ్యేదాకా బయట లోకాన్ని మీ చంకలో కూర్చుని చూడాల, కింద దిగకూడదు.

అంతవరకూ ఆటలకేం తక్కువ, ఇది తాటి ముంజెల కాలం. మీ నాన్నగారిని అడిగితే ముంజెలు తిన్నాక ఆ కాయల్తో బండి కట్టిస్తారు, రెండు కాయలు చక్రాలు, మధ్యలో పుల్ల, తోయడానికి పంగలకర్ర. పాప బండి తోస్తంటే కుక్కపిల్ల దానివెంట పడతది, ఈ వయసుకి అంతకంటే మంచి ఆటబొమ్మ లేదు. కాయ పీచు నమిలి మింగుతుంటే మటుకు తీసేయండి. దాగుడుమూతలు కూడా మంచిది, ఒకరు దాన్ని పట్టుకుంటారు, పాప తలుపు చాటుకి పోయి పేరుబెట్టి పిలుస్తది, వెతుక్కుంటా వస్తే గుడ్డు ముక్క పెడతది. ఆటలోనే పేరు పిలిస్తే రావడం వచ్చేస్తది. పిలకాయలు పరిగెత్తి అది తరిమే ఆట మాత్రం ఆడనీయబాకండి, ఉరికే కాళ్ళని పట్టుకోవడం నేర్చుకుంటది, చిన్నప్పుడు నవ్వులాటగా ఉంటది, ఎనిమిది నెలల కుక్క ఆ పని చేస్తే బాబు బోర్లా పడతాడు.

ఇక మీ అత్తగారు. ఈ విషయంలో నేను ఆమె పక్షమే. ఎందుకంటే జూన్ 12 తర్వాత పొద్దున్నించి సాయంత్రందాకా ఆ ఇంట్లో కుక్కపిల్లతో ఉండేది ఆమె. మీరు ఆఫీసు, ఆయన డ్యూటీ, పిలకాయలు బడి. కాబట్టి ఆమె సరే అనకపోతే తీసుకురాబాకండి, ఇది నా గట్టి మాట. ఒప్పించాలంటే ముందు స్థలం తేల్చండి. గ్రిల్లు ఉండే వరండా అయితే చాలా మంచిది, నీడ, గాలి, నేల కడుక్కోవచ్చు. వరండా నుంచి ఇంట్లోకి వచ్చే గుమ్మానికి రెండడుగుల చెక్క అడ్డం బిగించండి, వంటిల్లు, పూజ గది దానికి ఎప్పటికీ లేవు అని మొదటి రోజే తేల్చేస్తే కుక్కకి అదే ఇల్లు, తర్వాత ఆశపడదు. చిన్నప్పుడు రానిచ్చి పెద్దయ్యాక తరిమితేనే దానికి అర్థంకాదు. పొద్దున దొడ్డికి పోయింది తీసేది మీరా మీ ఆయనా, అదీ ఆమె ముందే మాట్లాడుకోండి. పాప చేస్తది అని చెప్పబాకండి, ఏడేళ్ళ పిల్ల నీళ్ళు పోయగలదు, గిన్నె కడగగలదు, ఆ పైన బాధ్యత పెద్దవాళ్ళదే. నాకు తెలిసిన చాలా ఇళ్ళల్లో మొదట వద్దన్న పెద్దావిడే ఆర్నెల్లు తిరిగేసరికి దానికి మజ్జిగన్నం కలిపి పెడతా ఉంటది.

ఇంటికొచ్చిన రెండో రోజునుంచే ఒంటరిగా ఉండటం మొదలుపెట్టండి. తిని, పాస్ పోసి, ఆడి అలిసిపోయాక గుడ్డల మీద పడుకోబెట్టి చెక్కకి ఇవతలికి రండి. కనబడతానే ఉండండి, ఒక నిమిషం. ఏడవకముందే మళ్ళీ పోండి. తర్వాత ఐదు నిమిషాలు, తర్వాత కనబడకుండా పక్కగదిలో పది నిమిషాలు, తర్వాత వీధిలోకి పోయి తలుపు గడియపెట్టి అరగంట. పోయేటప్పుడు బుజ్జగించడం, వచ్చాక ఎత్తుకుని ముద్దులు పెట్టడం వద్దు, మామూలుగా పోండి మామూలుగా రండి. ఏడుస్తున్నప్పుడు తలుపు తీస్తే ఏడిస్తే వస్తారు అని తెలుసుకుంటది, ఒక్క క్షణం ఆపిందాకా ఆగి అప్పుడు తీయండి. నమలడానికి ఒక క్యారెట్టో, తడిపి ఫ్రిజ్‌లో గట్టిపడిన పాతబట్టో ఇచ్చిపోండి. జూన్ మొదటి వారానికి రోజూ ఒకసారి అందరూ కలిసి బడికి పోయినట్టే రెడీ అయి, బూట్లు బ్యాగులు వేసుకుని, గంటసేపు బయట గడిపి రండి. అంత చిన్న పిల్లని మూడు గంటలకి మించి వదలకూడదు, అత్తగారుంటారు కాబట్టి మీకా సమస్య లేదు. పాస్ సంగతీ అంతే, రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకంటే ఆపుకోలేదు. నిద్రలేవగానే, తిన్న పావుగంటకి, ఆడినాక, ఈ మూడు వేళల్లో దొడ్లోకి ఒకే చోటికి తీసుకపోతే రెండు వారాల్లో దారిలో పడతది. ఇంట్లో పోస్తే దాని మూతి ఆడ రుద్దే పాతకాలపు పద్ధతి వద్దు, అది నేర్చుకునేది మనల్ని చూసి దాక్కోవడం ఒక్కటే.

అది దొడ్డికి పోయింది వెంటనే తీసేయాల, ఇది శుభ్రం కోసమే కాదు. కుక్కపిల్లల కడుపులో ఏలికపాములు పుట్టుకతోనే తల్లినుంచి వస్తయి. వాటి గుడ్లు బయటపడ్డ రెండు మూడు వారాలకి మట్టిలో ముదిరి అంటుకునే స్థితికి వస్తయి, ఆ మట్టి చేతులతో బాబు నోట్లో వేలు పెట్టుకుంటే వాడి కడుపులోకి పోతయి, ఒక్కోసారి కంటికి కూడా ఎక్కుతయి. అదే రోజు తీసేస్తే ఆ భయం లేదు. మన ఊళ్ళల్లో ఇంకోటి ఉంది, ఇల్లు కట్టేచోట పోసిన ఇసుక గుట్ట. పిలకాయలకి అదే ఆటస్థలం, కుక్కలకి అదే దొడ్డి. మీ వీధిలో ఉంటే పట్టా కప్పించండి. పిల్లకి రెండో వారం నుంచి మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలలదాకా నెలకోసారి పాముల మందు పడాల, బరువు చూసి డోసు డాక్టరు చెప్తాడు. ఇప్పటిదాకా ఏమీ వేసుండరు, రేపే పోయి ఐదు పిల్లలకీ తల్లికీ కలిపి వేయించండి, అది మీరు చేసే మొదటి మంచి పని.

తిండికి పెద్ద హంగామా అక్కర్లేదు. రోజుకి నాలుగు సార్లు కొంచెం కొంచెం, మెత్తటి అన్నం, ఉడికిన గుడ్డు, ఎముకలు లేని ఉడికిన కోడి, పెరుగు. పాలు పోస్తే చాలా పిల్లలకి విరేచనాలు పట్టుకుంటయి. ఉల్లిపాయ వెల్లుల్లి పడిన కూర, పులుసు అన్నం పెట్టకూడదు, ఉల్లి వాటి నెత్తుర్ని దెబ్బతీస్తది. ద్రాక్ష, పాయసంలో కిస్‌మిస్ అసలు వద్దు, కిడ్నీలు పోతయి, చాక్లెట్ కూడా విషమే, బాబు చేతిలో ఉండేది అదే గదా, జాగ్రత్త. ఉడికిన ఎముకలు చీలి గుచ్చుకుంటయి. ఈ సీజన్లో ఇంకో ముఖ్యమైంది మామిడి టెంక. పిలకాయలు చీకి పడేస్తారు, తియ్యగా ఉంటది, కుక్క మింగితే పేగుకి అడ్డం పడతది, ఆపరేషన్ చేస్తేగానీ రాదు. తిన్న టెంకలకి మూత ఉండే బకెట్టు పెట్టండి.

మే నెలాఖరంటే రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటబెట్టి రొప్పడమే దాని చల్లదనం. పొద్దున ఏడులోపు, సాయంత్రం ఆరు దాటాకే బయట. మీ అరచెయ్యి వెనక వైపు నేలకి ఆనించి ఐదు అంకెలు లెక్కబెట్టలేకపోతే దాని పాదాలకీ ఆ నేల పనికిరాదు. మట్టి మూకుడులో నీళ్ళు, తడి గోనెసంచి, ఫ్యాను గాలి, చాలు. బాగా రొప్పుతా, చొంగ కారుస్తా, తూలిపోతుంటే వడదెబ్బే, మామూలు నీళ్ళు ఒంటిమీద పోసి ఫ్యాను పెట్టి ఆసుపత్రికి పరిగెత్తండి, ఐసు నీళ్ళు వద్దు. ఒకటి గుర్తుపెట్టుకోండి, కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 దాకా ఉంటది, చెయ్యేసి చూసి జొరమని పిలకాయల జొరం సిరప్ పోసేవాళ్ళున్నారు, ఆ పని చేయబాకండి, మన మాత్రలు వాటికి ప్రాణం మీదకి తెస్తయి. పిడుదులు కనిపించినా అంతే, గేదెలకి కొట్టే మందు తెచ్చి రాయకూడదు, కిరసనాయిలు పూయకూడదు, పిల్లల వయసుకి తగ్గ మందు వేరే ఉంటది. ఈ ఎండల్ని తట్టుకునేదానికి మన నాటు కుక్కని మించింది లేదు, లక్షలు పోసి మంచుదేశపు బొచ్చు కుక్కల్ని తెచ్చి ఏసీ గదిలో పెట్టేవాళ్ళని చూస్తే బాధేస్తది, మీరు ఊరి పిల్లనే ఎంచుకున్నారు, చాలా మంచి పని.

ఇప్పుడు మీ అసలు భయం, కరవడం. నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా పాలపళ్ళు 28 ఊడి 42 కొత్తపళ్ళు వస్తయి, చిగుళ్ళు దురదపెట్టి కనబడిందల్లా కొరుకుతది, అది కోపం కాదు. చెయ్యి కొరికితే చెయ్యి లాక్కోకుండా ఆట ఆపేసి లేచి చెక్కకి ఇవతలికి వచ్చేయండి, అరనిమిషం తర్వాత మళ్ళీ పోండి, కొరికితే ఆట ఆగిపోద్ది అని దానికి తెలుస్తది. అది సరే. కానీ పన్ను దిగిందంటే, ఆటలో దిగినా కోపంలో దిగినా, రేబిస్ లెక్క వేరు.

రేబిస్ టీకా కుక్కపిల్లకి మూడు నెలలు నిండాక వేస్తారు, మీ దానికి జూన్ ఆఖరు అవుద్ది. అంటే మీ ఇంట్లో మొదటి నెలంతా దానికి ఆ రక్షణ ఉండదు. ఊళ్ళో తిరిగే తల్లికి పుట్టిన పిల్ల, ఏ పిచ్చికుక్క పన్నైనా తగిలుండొచ్చు, చిన్నపిల్లే గదా దానికేం ఉంటది అనుకునే ఇళ్ళల్లోనే ప్రమాదం. గాటుపడినా గోరు గీసినా ముందు కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసి, కడగాల. పసుపు, కారం, సున్నం, జిల్లేడు పాలు, ఏ ఆకు పసరూ పెట్టబాకండి, కట్టు కట్టబాకండి. నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి పోండి, టీకా ఫ్రీగా వేస్తారు. నెత్తురు రాకుండా గీసుకుపోతే టీకా చాలు, నెత్తురు వచ్చినా, ఉన్న పుండు మీదో నోట్లోనో నాకినా గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే సూది మందు కూడా అడగండి. చేతికి చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28 రోజుల్లో పోవాల, ఒక్కటీ మానకూడదు. కుక్క పదిరోజులు బాగానే ఉందా అని చూడటం మంచిదే, కానీ అది చూసి తర్వాత పోదాం అనకూడదు, సూది మొదలుపెట్టి చూడాల. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని దక్కించుకునే మందు లేదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే మాట ఇంకా మన ఇళ్ళల్లో వినబడతానే ఉంది. గొర్రె మెదడుతో చేసే ఆ పాత టీకా మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఈ మాట పిలకాయల ముందు అనబాకండి, ఎందుకంటే వాళ్ళు గాటుని దాచిపెట్టేది సూదుల భయంతోనే. ఇంకో భయం కూడా ఉంటది, చెప్తే కుక్కపిల్లని పంపించేస్తారని. మీ పాప వయసు పిల్లలు దానికోసం మోచెయ్యి మీద గాటు పొడుగు చేతుల చొక్కా వేసుకుని దాస్తారు, ఆసుపత్రికి ఆలస్యంగా పోయిన బిడ్డల్ని అడిగితే అదే చెప్పేవాళ్ళు. కాబట్టి మొదటి రోజే ఇద్దర్నీ కూర్చోబెట్టి మీరూ మీ ఆయనా కలిసి చెప్పండి, పన్ను తగిలినా గోరు గీసినా వెంటనే వచ్చి చెప్పాల, చెప్తే మేము తిట్టం, కొట్టం, దాన్ని యాడికీ పంపించం. తర్వాత ఆ మాటమీద నిలబడండి. రోజూ స్నానం చేయించేటప్పుడు బాబు చేతులు కాళ్ళు ఒకసారి తిప్పి చూసుకోండి, వాడు చెప్పలేడు గదా. ముందుజాగ్రత్తగా పిలకాయలకి కరవకముందే వేసే రేబిస్ టీకా కూడా ఉంది, ఇంట్లో కుక్క ఉండేవాళ్ళకి పనికొస్తది, అది వేసుకున్నా కరిస్తే కడగడం, మళ్ళీ రెండు డోసులు తప్పవు గానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం పడదు, మీ పిల్లల డాక్టరుతో మాట్లాడండి.

వీధికుక్క ఎదురొస్తే పరిగెత్తకుండా చేతులు ఒంటికి ఆనించి నేలచూపులు చూస్తా చెట్టులాగా నిలబడటం ఇద్దరికీ ఆటలాగా నేర్పండి, ముంజెల బండి ఆట మధ్యలో మీరు "చెట్టు" అని అరవండి, ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాల. బాబుకి కూడా ఇది వచ్చేస్తది, ఆగిపోవడం వాళ్ళకి భలే ఇష్టం.

టీకాల వరస ఇట్టా పెట్టుకోండి. మే మూడో వారంలో, తల్లి దగ్గర ఉండగానే పార్వోకీ, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బుకీ కలిపి వేసే మొదటి టీకా, జూన్ మధ్యలో రెండోది, జులై మొదట్లో మూడోది, నాలుగు నెలలు నిండేటప్పటికి ఆఖరుది, మధ్యలో జూన్ ఆఖరుకి రేబిస్, నెల తర్వాత దానికే ఇంకో డోసు, ఆ తర్వాత ఏడాదికోసారి. ఆడపిల్ల అయితే ఆరేడు నెలలకి ఆపరేషన్ చేయించండి, ఎదకొచ్చి కడితే 63 రోజులకి మళ్ళీ ఇట్టాంటి ఐదు పిల్లలు, వాటికి ఇళ్ళు వెతికేది మీరే.

రేపు పొద్దున పక్కింటికి పోయినప్పుడు రెండు కనుక్కోండి, తల్లికి రేబిస్ టీకా ఎప్పుడన్నా వేయించారా, ఈ రెండు నెలల్లో దాన్ని ఇంకో కుక్కేదన్నా కరిచిందా. కరిచింది అంటే ఆ పిల్లని ముట్టుకోకముందే నాకు రాయండి, మిగతా విషయాలు తర్వాత చూద్దాం.